మామ్మ వెయ్యమన్న తాళం

నా దగ్గరున్న పెన్‌డ్రైవుల్లో ఒకటి, ఏ కంప్యూటర్‌కి పెట్టినా "దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చేసెయ్యమంటారా?" అని అడుగుతుంది. ఎనిమిది జీబీలది, నల్లది, మూత ఎక్కడో పోయింది. ఒకసారి మా తమ్ముడు అది పాడైపోయిందనుకుని ఎస్ నొక్కబోయాడు. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి వాడి చెయ్యి లాగేశాను. వాడు బిత్తరపోయాడు. "పాడవలేదురా, తాళం వేసుంది. తాళం వేస్తే అలాగే కనబడుతుంది" అన్నా.

అందులో మా మామ్మ గొంతు ఉంది. పదకొండు ఫైళ్ళు, నాలుగు గంటల పైచిలుకు.

మాది ఉద్దానం. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చదివితే మీకే తెలుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను విజయనగరంలో ఉన్నాను, ఉద్యోగం అక్కడ. మూడోరోజుకి గానీ ఊరు చేరలేకపోయా. దారంతా కొబ్బరిచెట్లు ఒకేవైపుకి పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వినట్టు. జీడితోటలు వేళ్ళు పైకి పెట్టి పడున్నాయి. కరెంటు స్తంభాలు సరేసరి. మా ఊళ్ళో లైటు వెలగడానికి రెండు వారాలు పైనే పట్టింది.

మామ్మ రాత్రి ఏడయితే టీవీ ముందు కూచునే మనిషి. టీవీ లేదు, ఫ్యాను లేదు, సిగ్నల్ లేదు. చీకట్లో అరుగు మీద కూచుని మాట్లాడ్డం మొదలుపెట్టింది. నా ఫోనుకి ఇంకేం పని లేదు గనక రికార్డర్ ఆన్ చేశాను. "ఏటే, నా గొంతు పడతందా అందులో?" అని అడిగింది. పడుతోంది అన్నా. "పడనీ" అంది.

మొదటి ఆరు ఫైళ్ళూ పెళ్ళి, పురుళ్ళు, కలకత్తా జూటు మిల్లుకి పోయిన తాతయ్య, అక్కడినుంచి మనియార్డర్‌తో పాటు వచ్చే ఉత్తరాన్ని చదివిపెట్టడానికి కొబ్బరికాయ తీసుకునే పోస్టుమేను. ఏడో ఫైలు దగ్గరికొచ్చేసరికి మామ్మ గొంతు తగ్గింది. వినాలంటే ఇప్పటికీ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి.

1968 చివర గరుడభద్రలో రాజుకున్నది ఏడాది తిరిగేసరికి ఉద్దానమంతా పాకింది. పుస్తకాల్లో చదివిన పేర్లు మామ్మ నోట పేర్లుగా రాలేదు. సుబ్బారావు పాణిగ్రాహిని "జముకులకత సెప్పే అయ్యవారు" అంది. 1969 డిసెంబరులో ఆయన పోలీసుల చేతిలో చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటి పెరటి వైపు నుంచి వచ్చారు. మామ్మ చద్దన్నం పెట్టింది. వాళ్ళు తిని, అప్ప వాళ్ళ జీడితోటలోకి వెళ్ళిపోయారు.

అప్ప అంటే మామ్మ సొంత అక్క కాదు, వీధి చివరింట్లో ఉండే తోటికోడలి వరసావిడ. మామ్మ ఆవిడని అప్పా అనేది, నేను పెద్దమామ్మ అనేదాన్ని.

రెండ్రోజులకి పోలీసులొచ్చారు. తాతయ్య ఊళ్ళో లేడు. మామ్మని వాకిట్లో ఎండలో నిలబెట్టారు. ఒళ్ళో పిల్లాణ్ణి - మా నాన్నని - తీసి అరుగు మీద పెట్టి ముట్టుకోవద్దన్నారు. "ఆడు ఏడత్తన్నాడు. నాకు పాలు కారిపోతన్నాయి. పొద్దుగుంకేదాకా ఊరుకున్నాను. అప్పుడు సెప్పీసినాను. తోటలోకెల్లినారని సెప్పీసినాను." ఇది ఏడో ఫైల్లో చివరి రెండు నిమిషాల నలభై సెకన్లు.

తోటలో ఎవరూ దొరకలేదు. కానీ తోట గలాయన దొరికాడుగా. అప్ప మొగుణ్ణి తీసుకెళ్ళారు. నాలుగు నెలల తర్వాత ఇంటికొచ్చాడు. తర్వాత ఇంకెప్పుడూ కొబ్బరిచెట్టు ఎక్కలేదు. తనని పట్టిచ్చింది ఊళ్ళో ఫలానా ఆయనే అని ఆయనకో అనుమానం పుట్టింది, అది నమ్మకమైంది. చనిపోయేదాకా ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆ ఇంటివాళ్ళ పెళ్ళికి ఈ ఇంటివాళ్ళు వెళ్ళలేదు, చావుకీ వెళ్ళలేదు. నా చిన్నప్పుడు మేం కూడా ఆ ఇంటి పిల్లలతో ఆడేవాళ్ళం కాదు. ఎందుకని అడిగినట్టు కూడా గుర్తు లేదు.

ఇక ఎనిమిదో ఫైలు. దాని సంగతి తర్వాత చెప్తాను.

నేను కథలు రాయాలనుకునే మనిషిని. ఇంత సరుకు చేతిలో పడితే ఊరుకుంటానా. విజయనగరం వచ్చాక రాత్రిళ్ళు కూచుని అన్నీ టైపు చేశా. మామ్మ భాషలో మామ్మ చెప్పినట్టే. సంక్రాంతికి ఊరెళ్తూ పలాసలో ఒక జిరాక్సు షాపులో దిగి ప్రింట్లు తీయించుకున్నా. శ్రీకాకుళంలో ఒకరిద్దరు రచయితలకి చూపించాలని ఆశ. పండగ రద్దీ. ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కులు, తుఫాను నష్టపరిహారం కాగితాలు పట్టుకుని జనం. ప్రింట్లు చేతికొచ్చాయి, డబ్బులిచ్చి బస్సెక్కేశాను. పెన్‌డ్రైవు సీపీయూ వెనకాలే ఉండిపోయింది. ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది. మర్నాడు వెళ్తే సొరుగులోంచి తీసి ఇచ్చారు. అప్పటికి అక్కడ ఒక డజను పెన్‌డ్రైవులున్నాయి ఆ సొరుగులో.

నాకు కంగారు లేదు. ఆడియో ఫైళ్ళున్న ఫోల్డర్‌ని నేను దాచాను కదా. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, హిడెన్ దగ్గర టిక్కు. ఫోల్డర్ మాయం. ఇంజనీరింగ్ హాస్టళ్ళలో సినిమాలు దాచుకునే పద్ధతి.

ఇక్కడొక సంగతి. మీలో చాలామందికి షార్ట్‌కట్ వైరస్ గుర్తుండే ఉంటుంది. పెన్‌డ్రైవు పెట్టగానే మన ఫోల్డర్లన్నిటినీ హిడెన్ చేసేసి, వాటి పేర్లతో ఉత్తుత్తి షార్ట్‌కట్లు పెట్టేది. ఆ షార్ట్‌కట్ మీద నొక్కితే వైరస్ మళ్ళీ పని మొదలెట్టేది. ఊరూరా జిరాక్సు షాపులే దానికి రైల్వే జంక్షన్లు. కస్టమర్ల ఫైళ్ళు కనబడక షాపువాళ్ళు అల్లాడిపోయి, దాచిన ఫైళ్ళన్నీ ఎప్పుడూ కనబడేలా కంప్యూటర్‌లో సెట్ చేసి పెట్టుకునేవారు. అంటే నేను దాచానని మురిసిపోయిన ఫోల్డర్ ఆ షాపు తెర మీద కొంచెం వెలిసిన రంగులో, అందరికీ కనబడుతూ ఉంది. దానికి నేను పెట్టిన పేరు "మామ్మ - పోలీసులు."

ఫిబ్రవరిలో మా నాన్న ఫోను చేసి "వాట్సాప్‌లో మా అమ్మ గొంతు తిరుగుతోంది ఏంటే?" అన్నారు.

రెండు నిమిషాల నలభై సెకన్లు. ఎవరు తీశారో, ఎలా తీశారో ఇప్పటికీ నాకు తెలీదు. మొదట ఊళ్ళోకి పంపింది ఎవరో మాత్రం తెలుసు. మేం ఆడుకోని ఇంటి కుర్రాడు. వాళ్ళ తాతమీద యాభై ఏళ్ళుగా ఉన్న నింద తప్పని చెప్పే సాక్ష్యం వాడి ఫోన్లోకి వచ్చింది. నేనే వాడి చోట ఉంటే పంపకుండా ఉండేదాన్నా? వాడి మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను, రాలేదు.

ఊరెళ్ళడానికి వారం రోజులు ధైర్యం చాల్లేదు. వెళ్ళాక మామ్మ తిట్టలేదు. తిడుతుందనే సిద్ధపడి వెళ్ళాను. పెరట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. తలెత్తకుండా అడిగింది.

"అందులో ఇంకేటేటి ఉన్నాయి?"

"అన్నీ ఉన్నాయి మామ్మా."

"అప్ప మాట ఉందా?"

ఉంది. ఎనిమిదో ఫైలు. మామ్మ పోలీసులకి చెప్పిన వారానికి, మొగుడు జైల్లో ఉండగా, అప్ప దగ్గరికి వెళ్ళి నేనే చెప్పానని చెప్పేసింది. అప్ప చాలాసేపు మాటాడలేదట. తర్వాత, "నాకు సెప్పినావు. ఇంకెవులికీ సెప్పకు. నానూ సెప్పను" అందట. ఆ తర్వాత మొగుడు ఇంకొకరిని అనుమానించి వాళ్ళతో మాటలు మానేస్తే, అది తప్పని తెలిసీ నలభై ఏళ్ళు అప్ప నోరు విప్పలేదు. ఒక పాలిచ్చే తల్లిని కాపాడ్డానికి ఒక ఇంటిని వెలిలో పెట్టనిచ్చింది. మామ్మ కూడా ఒప్పుకుంది. ఇద్దరూ రోజూ ఒకే నూతి దగ్గర నీళ్ళు తోడుకున్నారు.

బయటికెళ్ళిన ముక్కలో మామ్మ ఒక్కతే ఉంది. అప్పకి తెలుసునన్న సంగతి లేదు. అప్ప అప్పటికి బతికే ఉంది, చెవుడు, కొడుకుల దగ్గర.

"నాది పోనాది పోనాది. దానిది దాయి" అంది మామ్మ. "తాలమెయ్యి దానికి."

నాకప్పుడు తాళం వెయ్యడం రాదు. దాచడం ఒక్కటే వచ్చు. ఈ రెండిటికీ తేడా నేర్చుకోడానికి ఆ రాత్రంతా పట్టింది. దాచడమంటే గోనెపట్టా కప్పడం. పట్టా ఎత్తితే అయిపోయింది. "ఫోల్డర్ లాక్" పేరుతో ఉచితంగా దొరికేవి కొన్ని చేసే పని అదే, పైన పాస్‌వర్డ్ అడిగే బొమ్మ ఒకటి అతికిస్తాయి. డ్రైవుని ఇంకో కంప్యూటర్‌కి పెడితే బొమ్మ ఉండదు, ఫైళ్ళుంటాయి. ఎన్‌క్రిప్షన్ అలా కాదు. అది ఫైలునే నలిపేసి ఇంకోటి చేసేస్తుంది. పాస్‌వర్డ్ లేకుండా తెరిస్తే మామ్మ గొంతు ఉండదు, ఇసక ఉంటుంది. ఏ రేణువు పక్కన ఏ రేణువో చెప్పేది ఆ పాస్‌వర్డ్‌ నుంచి పుట్టే తాళంచెవి. ఇప్పుడు అందరూ వాడే పద్ధతి పేరు ఏఈఎస్, ఇద్దరు బెల్జియం వాళ్ళు తయారుచేసింది, 2001 నుంచి అమెరికా ప్రభుత్వ ప్రమాణం. బ్యాంకు లావాదేవీలకీ అదే, మా మామ్మకీ అదే.

ముందు సెవెన్ జిప్ ప్రయత్నించా. ఉచితం, తేలిక. ఫైళ్ళన్నీ ఒక మూటలో కట్టి పాస్‌వర్డ్ పెట్టొచ్చు. ఫైళ్ళ పేర్లు కూడా దాచమని విడిగా ఒక టిక్కు పెట్టాలి, లేకపోతే లోపల ఏముందో వినబడదు గానీ "మామ్మ - పోలీసులు" అని పైకి కనబడుతూనే ఉంటుంది. దాంతో ఇంకో చిక్కు ఉంది. మూటలోని ఫైలు మీద నొక్కి వింటే, అది ముందు ఆ కంప్యూటర్‌లో ఒక టెంపరరీ ఫోల్డర్‌లోకి విప్పుకుని అప్పుడు పాడుతుంది. మూసేశాక తుడిచెయ్యాలి, ఎప్పుడూ తుడుస్తుందన్న నమ్మకం లేదు. పరాయి కంప్యూటర్‌లో తెరిస్తే మళ్ళీ జిరాక్సు షాపు కథే.

విండోస్‌లో బిట్‌లాకర్ అని ఉంది, కానీ నా లాప్‌టాప్‌లో ఉన్న హోమ్ ఎడిషన్ తాళం తియ్యనిస్తుంది, వెయ్యనివ్వదు. వెయ్యాలంటే ప్రో కొనాలి. చివరికి వెరాక్రిప్ట్ దగ్గర ఆగాను. ట్రూక్రిప్ట్ అని పాతది ఒకటుండేది, 2014 మేలో దాన్ని తయారుచేసినవాళ్ళు ఇక వాడకండి అని చెప్పి మాయమైపోయారు. దాని వారసురాలు ఇది. మొత్తం డ్రైవునే తాళం వేసేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌కి పెడితే విండోస్‌కి ఏమీ అర్థం కాక ఫార్మాట్ చెయ్యమంటుంది. మా తమ్ముడు నొక్కబోయింది అదే.

కొత్త డ్రైవు కొన్నాను, ముందు తాళం వేసి, తర్వాతే ఫైళ్ళు పెట్టాను. ఈ వరస ముఖ్యం. పాత డ్రైవులో ఉన్నవాటిని డిలీట్ చేస్తే సరిపోదు. డిలీట్ అంటే విషయసూచికలోంచి పేరు కొట్టెయ్యడమే, పేజీ ఉంటుంది. పైగా ఒకేచోట పదేపదే రాస్తే ఫ్లాష్ మెమరీ అరిగిపోతుందని, డ్రైవు లోపలి చిప్పు చోట్లు మారుస్తూ రాస్తుంది. పాతదాని మీద కొత్తది రాసేశామని మనం అనుకుంటాం, పాతది ఇంకో మూల ఉండిపోవచ్చు. ఇదంతా మామ్మకి నాకు చేతనైనట్టు చెప్పాను. పాత డ్రైవు ఇలా తెమ్మంది. సన్నికల్లు మీద పెట్టి పొత్రంతో కొట్టింది. నాలుగు దెబ్బలు. చిప్పు పొడిపొడి అయింది. ముక్కలు చేటలోకి ఎత్తి పెంటమీద పోసింది. నేను చదివిన వ్యాసాలన్నీ ఒప్పుకునే పద్ధతే.

తర్వాత పాస్‌వర్డ్. "నువ్వే చెప్పు మామ్మా, నీ తాళం కదా" అన్నా. కాసేపాలోచించి నాలుగు మాటలు చెప్పింది. ఒకదానికొకటి పొంతన లేదు. ఒకటి ఆవు పేరు, ఒకటి తిండి, మిగతావి చెప్పను. మా వైపు తప్ప ఎక్కడా వినబడని మాటలు, ఏ నిఘంటువులోనూ నేను చూడనివి. నేను ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేశాను. "బిగ్గా పడిందా?" అంది. పడింది అన్నా.

"యాడైనా రాసీసి బియ్యం డబ్బాలో పెట్టు" అని కూడా అంది. నేను వినలేదు. పాస్‌వర్డులు కాగితం మీద రాయకూడదని అన్నిచోట్లా చదివాను మరి. చదువుకున్నదాన్ని కదా.

ఆ రోజుల్లో నాకు ఇంకో ఆలోచన కూడా పీకుతుండేది. విజయనగరంలో గురజాడ ఇంటి ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆయన డైరీలు గుర్తొచ్చేవి. తనకోసం ఇంగ్లీషులో రాసుకున్నవి. 1915లో ఆయన పోయాక కొన్ని దశాబ్దాలకి అవసరాల సూర్యారావు గారు పట్టుబట్టి వాటిని తెలుగులోకి తెచ్చారు. నేను ఎంతో ఇష్టంగా చదివాను. ఒంట్లో బాగోకపోవడం, ఇంటి ఖర్చులు, చిన్న చిన్న చిరాకులు. చదువుతున్నంతసేపూ ఈయన తాళం వేసుకుని ఉంటే మనకేం మిగిలేది అనుకున్నాను. మరి ఆయన్ని అడిగారా అని మాత్రం మామ్మ క్లిప్పు బయటికొచ్చాకే తోచింది. శ్రీకాకుళంలో కారా మాస్టారు పెట్టిన కథానిలయంలో నిలబడితే దీనికి పూర్తిగా అటువైపున్నట్టు ఉంటుంది. 1997 నుంచీ ఎక్కడెక్కడి కథలూ తెచ్చి పోగేసి, ఎవరైనా వచ్చి చదువుకోండి అన్న చోటు. ఇప్పుడు స్కాన్ చేసి నెట్లో కూడా పెట్టారు. అచ్చయిన కథ అందరిదీ. మామ్మ చీకట్లో చెప్పింది కథ కాదు కదా. కానీ నేను దాన్ని కథ చేద్దామనే కదా ప్రింటు తీయించింది. ఈ ముడి నాకు ఇప్పటికీ పూర్తిగా విడలేదు.

తాళం మీద మరీ మోజు పెంచుకోకుండా చేసిన వార్త ఒకటి 2021 ఫిబ్రవరిలో చదివాను. భీమా కోరేగావ్ కేసు. వరవరరావు గారితో సహా ఎందరినో జైల్లో పెట్టిన ఆ కేసులో ముఖ్యమైన సాక్ష్యం రోనా విల్సన్ లాప్‌టాప్‌లో దొరికిన ఉత్తరాలు. ముద్దాయిల తరఫు లాయర్లు అడిగితే పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్, ఆ ఉత్తరాలు బయటినుంచి వైరస్ ద్వారా ఆ లాప్‌టాప్‌లో పెట్టినవని, అతను వాటిని తెరిచిన ఆనవాళ్ళే లేవని నివేదిక ఇచ్చింది. దర్యాప్తు సంస్థ ఒప్పుకోలేదు. అది కోర్టుల్లో తేలాల్సిన సంగతి. నాకు అర్థమైంది ఒకటే. మనం తాళం తీసి లోపల కూచున్నప్పుడు భుజం వెనక ఇంకొకరుంటే ఏ తాళమూ పనిచెయ్యదు. తాళం డ్రైవుకి, కంప్యూటర్‌కి కాదు.

చట్టం సంగతి కూడా చూసుకున్నాను, భయం కొద్దీ. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కే అంది. అంతకు ముందునుంచీ ఉన్న ఐటీ చట్టం 69వ సెక్షన్ మాత్రం, దేశ భద్రతలాంటి కారణాలు చూపి ప్రభుత్వం ఆదేశిస్తే తాళం తియ్యాలని, లేకపోతే ఏడేళ్ళదాకా జైలని అంటుంది. అంటే మళ్ళీ ఎండలో నిలబెట్టడమే, కాకపోతే కాగితం చూపించి. కంప్యూటర్ భద్రత చదివేవాళ్ళలో ఒక పాత జోకుంది. ఎంత గట్టి సంకేతలిపైనా రబ్బరు గొట్టంతో విప్పొచ్చని. అరికాళ్ళ మీద కొడితే చెప్పని పాస్‌వర్డ్ ఏముంటుందని దాని అర్థం. చదివినప్పుడు నవ్వు రాలేదు. మా నాన్న ఏడుపు వినబడింది, నేను ఎప్పుడూ వినని ఏడుపు.

మామ్మ 2021లో పోయింది. కరోనా కాదు, కిడ్నీలు. ఉద్దానంలో ఇది చెప్పుకోవాల్సిన కొత్త సంగతేం కాదు. పోయేముందు నాతో మామూలుగానే మాట్లాడింది, ఆ ఫైళ్ళ గురించి తప్ప. ఆ మర్సటేడు పెద్దమామ్మ పోయింది. పదిరోజులయ్యాక వాళ్ళ మనవరాలు ఫోను చేసింది. నాకంటే ఆరేళ్ళు చిన్నది, శ్రీకాకుళంలో నర్సు.

"అప్పా, మా మామ్మ పోయేముందు ఒక మాట సెప్పింది. నా మాటొకటి ఆ గుంట దగ్గరుంది, నాను పోయాక అడుగు అంది. ఏటది?"

పెద్దమామ్మకి తెలుసన్నమాట. మామ్మ చెప్పే ఉంటుంది, తాళం వేయించానని. వాళ్ళిద్దరి మధ్య నేను మళ్ళీ వట్టి సొరుగునే.

"వచ్చి వినిపిస్తానే" అన్నా. ఆ రాత్రి డ్రైవు పెట్టి, నాలుగు మాటలూ టైప్ చేశా. తప్పు అంది. మళ్ళీ చేశా. తప్పు.

మాటలు మర్చిపోలేదు. మామ్మ గొంతుతో సహా గుర్తున్నాయి. స్పెల్లింగే. మన మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక రూలంటూ లేదు కదా. ఏటి అన్న రెండక్షరాల మాటని నా ఫోన్లో మా ఇంట్లోవాళ్ళే ఐదు రకాలుగా రాస్తారు. మొదటి మాటకి మూడు రకాలు, రెండోదానికి నాలుగు, మూడోదానికి ఆరు, చివరిదానికి నాలుగు. హెచ్చవేస్తే 288. మధ్యలో ఖాళీలు పెట్టానో లేదో, 576. మొదటి అక్షరం పెద్దదో చిన్నదో, 1152. నోట్‌బుక్కులో గడులు గీసుకుని ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోయాను. తప్పు చెప్పడానికి కూడా అది తొందరపడదు. దొంగలు కోట్ల మాటలు గబగబా ప్రయత్నించకుండా ఉండాలని ప్రతి పాస్‌వర్డ్‌నీ లక్షలసార్లు నూరుతుంది. నా పాత లాప్‌టాప్ మీద ఒక్కో ప్రయత్నానికి అరనిమిషం. దొంగకీ నాకూ దానికి తేడా తెలీదు.

స్టెఫాన్ థామస్ అని అమెరికాలో ఒక ప్రోగ్రామరున్నాడు. ఏడువేల రెండు బిట్‌కాయిన్ల తాళంచెవి ఐరన్‌కీ అనే డ్రైవులో పెట్టి, పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పారేసుకున్నాడు. ఆ డ్రైవు పది తప్పులదాకా ఊరుకుంటుంది, ఆ తర్వాత శాశ్వతంగా మూసుకుంటుంది. 2021లో అతని కథ పత్రికల్లో వచ్చేటప్పటికి ఎనిమిది అయిపోయాయి. ఆ రాత్రుళ్ళు నాకు అతను దగ్గర చుట్టంలా అనిపించాడు. నాకు ఎన్ని తప్పులైనా చేసే వీలుంది, అదే అదృష్టం. అతని కాగితం పోయింది, నేను రాయనే లేదు. బియ్యం డబ్బాలో చీటీ వెతికే దొంగ మా ఇంటికి ఎప్పుడొస్తాడని ఆ వ్యాసాలు రాసినవాళ్ళు అనుకున్నారో. ఇంట్లో దొంగకంటే ఇంట్లో మతిమరుపు ఎక్కువ.

నాలుగో రాత్రి గడులన్నీ అయిపోయాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. ఏడుపొచ్చింది. పడుకుని, మామ్మ ఆ మాటలు చెప్పిన పగలంతా మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ఆవిడ చెప్తోంది, నేను కీబోర్డు మీద కొడుతున్నాను. మామ్మ పలికినట్టు కొట్టి ఉంటానా? అప్పటి నేను? అంతా మామ్మ భాషలోనే టైపు చేశానని గొప్పలు పోయానే గానీ, పాస్‌వర్డ్ దగ్గర చెయ్యి అలవాటుగా బడి తెలుగులోకి పోయి ఉంటుంది. లేచి మూడో మాటలో ఒత్తు చేర్చాను. ఒక్క హెచ్. మామ్మ జన్మలో పలకని హెచ్. అరనిమిషం తిరిగింది, తెరుచుకుంది.

ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. రెండు డ్రైవులు తీసుకెళ్ళాను. ఒకటి నాది, ఇంకోటి కొత్తది, తాళం వేసి అవే పదకొండు ఫైళ్ళు పెట్టింది. పెన్‌డ్రైవు చెప్పకుండా చచ్చిపోయే వస్తువు, ఒక్కటే ఉంచుకోకూడదు. ఫలానా రోజు వస్తున్నానని, ఆ పిల్ల డ్యూటీ మార్పించుకుని ఊరొచ్చింది.

వాళ్ళింటి వెనక వసారాలో కూచున్నాం. కొత్తగా నాటిన కొబ్బరిమొక్కలు నడుమెత్తు వచ్చాయి. వై-ఫై ఆపేసి, లాప్‌టాప్ తెరిచి, చెరో ఇయర్‌ఫోను పెట్టుకుని ఎనిమిదో ఫైలు విన్నాం. పంతొమ్మిది నిమిషాలు. మధ్యలో కుక్క మొరుగుతుంది, మా అమ్మ అన్నానికి పిలుస్తుంది, మామ్మ "వత్తన్నాం ఉండే" అంటుంది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

అయిపోయాక చాలాసేపు మొక్కలకేసి చూసింది.

"ఆలింటికి కూడా ఇనిపించాల కదప్పా?"

ఎవరింటికో నేను అడగలేదు. "అది నీ ఇష్టమే. మీ మామ్మ మాట" అన్నా.

కొత్త డ్రైవు ఆమె చేతిలో పెట్టాను. తన లాప్‌టాప్ తెచ్చుకుంది, హాస్పిటల్ పని కోసం కొనుక్కున్నదట. వెరాక్రిప్ట్ ఎక్కించడం చూపించాను. పాస్‌వర్డ్ గడి వచ్చింది. నాలుగు మాటలూ చెవిలో చెప్పాను, చుట్టూ ఎవరూ లేకపోయినా. మూడో మాటకి ఫక్కున నవ్వింది, వాళ్ళ మామ్మ కూడా అనేదట. టైప్ చేసింది. తప్పు అంది.

"మూడోదాన్లో హెచ్ ఉంది" అన్నా.

"ఎందుకు? అలా అనరు కదా."

"తెలుసు. కానీ ఉంది."

వెనక్కెళ్ళి హెచ్ చేర్చింది. ఇద్దరం తెరకేసి చూస్తూ కూచున్నాం.